మూడు తరాల తర్వాత ఆమె పేరు

తెలుగు ఇళ్ళలో తల్లి పోతే ఆమెను తలుచుకునే రోజు ఒకటి తనంతట తానే ఖాయమైపోతుంది. అది తారీఖు కాదు, తిథి. మాఘ బహుళ పంచమినాడు పోయిన తల్లికి ఏటా మాఘ బహుళ పంచమినాడే తద్దినం. ఇంగ్లీషు క్యాలెండరులో ఆ రోజు ఒక ఏడు ఫిబ్రవరిలో పడుతుంది, ఒక ఏడు మార్చిలో పడుతుంది. అందుకే తల్లి పోయిన తారీఖు అడిగితే తడుముకునే కొడుకులు తిథి మాత్రం చటుక్కున చెబుతారు. అధికమాసం వస్తే ఏ నెలలో పెట్టాలి, అమెరికాలో ఉన్న కొడుకు అక్కడి సూర్యోదయం చూసుకోవాలా, ఇక్కడి పంచాంగం పట్టుకోవాలా వంటి పేచీలు పురోహితుడి దగ్గర తేలతాయి. రోజు మాత్రం తప్పదు.

అయితే ఆమెను తలుచుకోవడం అంతకు చాలా ముందే, శవం ఇంకా అరుగు మీద ఉండగానే మొదలవుతుంది. కబురు అంది ఒక్కొక్కరే వచ్చే ఆడవాళ్ళు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. తెలంగాణ పల్లెల్లో దాన్ని శోకం పెట్టడం అంటారు. వింటే అది ఒట్టి ఏడుపు కాదని తెలుస్తుంది. ఏ ఊరి నుంచి కోడలిగా వచ్చింది, ఎంతమందిని కని ఎంతమందిని మట్టిలో పెట్టింది, కరువులో ఏం వండి పెట్టింది, ఏ తోడికోడలితో ఎందుకు మాట్లాడటం మానేసింది, ఎవరి కాన్పుకు అర్ధరాత్రి లేచి వెళ్ళింది, అన్నీ ఆ రాగంలో వరసగా వస్తాయి. బతికి ఉండగా బయటపడని సంగతులు కూడా అప్పుడు నలుగురి ముందూ బయటికి వస్తాయి. ఒక మామూలు ఆడమనిషి జీవిత చరిత్రను ఆమెను ఎరిగినవాళ్ళు నోటితో చెప్పే సందర్భం అది. పాడె లేవడంతో అది ముగిసిపోతుంది. పట్నాల్లో, అపార్టుమెంట్లలో ఇప్పుడు అదీ వినపడటం లేదు. గట్టిగా ఏడిస్తే పక్క ఫ్లాటువాళ్ళు ఏమనుకుంటారోనన్న బెరుకు అడ్డం వస్తోంది.

ఆ తర్వాతి పనంతా మగవాళ్ళది. మూడో రోజు చిన్నకర్మ, పదో రోజో పదకొండో రోజో పెద్దకర్మ, ఆపైన నెలనెలా మాసికం, ఏడాది నిండాక సంవత్సరీకం. కులాన్ని బట్టి, ఊరిని బట్టి రోజులూ పేర్లూ మారతాయి. శాస్త్రప్రకారం నడిపే ఇళ్ళలో పన్నెండో రోజున జరిగే సపిండీకరణం ముఖ్యమైనది. అప్పటిదాకా ప్రేతంగా ఉన్న వ్యక్తిని పితృదేవతల వరుసలో చేర్చేది ఆ కర్మే. చనిపోయినవారి పేరిట పెట్టిన పిండాన్ని మూడు పాళ్ళు చేసి, అంతకు ముందు మూడు తరాలవారి పిండాల్లో కలుపుతారు. ఆడమనిషి విషయంలో ఆ మూడు తరాలూ సాధారణంగా మెట్టినింటివే: ఆమె అత్తగారు, ఆ అత్తగారి అత్తగారు, ఆపై ఆవిడ. గోత్రం భర్తది. ఆమెను కన్న తల్లి ఆ వరుసలో కనిపించదు. తంతు ఏర్పడింది వంశం కోసం. మనిషి ఎలాంటిదన్న సంగతి దానికి పట్టదు.

ఏటా తద్దినంలోనూ లెక్క అదే. తల్లిని వసురూపంలో, నాయనమ్మను రుద్రరూపంలో, తాతమ్మను ఆదిత్యరూపంలో ఆవాహన చేస్తారు. అంతకు పైవాళ్ళ పేర్లు సంకల్పానికి అక్కర్లేదు. ఈ తరం కర్త పోయి అతని కొడుకు ఆ పీట మీద కూర్చునేనాటికి అందరూ ఒక్కో తరం పైకి జరుగుతారు, పై చివరనున్న పేరు జారిపోతుంది. అలా జారిన పేరు ఇంకెక్కడా రాసి లేకపోతే ఆ ఇంట్లో దాన్ని మళ్ళీ పలికేవాళ్ళుండరు. తద్దినపు వంట మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం, అది ఏదీ మర్చిపోదు. గారెలు, పరమాన్నం, నువ్వుండలు, పెసరపచ్చడి ఉంటాయి. కారానికి మిరపకాయ వాడరు, మిరియమే. బంగాళాదుంప, టమాటా ఆ చాయలకు రావు. ఈ మూడూ పోర్చుగీసువాళ్ళు వచ్చిన తర్వాత మన వంటింట్లోకి దిగినవి. నాలుగైదు వందల ఏళ్ళ కిందట తెలుగు వంట ఎలా ఉండేదో రుచి చూడాలంటే ఆ రోజు భోజనానికి కూర్చునే భోక్తల విస్తరే దగ్గరి దారి.

మంత్రం లేని ఇళ్ళలో తలుచుకునే తీరు వేరు, మనిషికి అది మరికాస్త దగ్గర. కోస్తా జిల్లాల్లో సంక్రాంతిని పెద్దల పండగ అంటారు. పోయినవాళ్ళ ఫోటోల ముందు కొత్త బట్టలు పెట్టి, విస్తరి వేసి, వాళ్ళకు ఇష్టమైనవి వండి వడ్డిస్తారు. అమ్మకు చేపల పులుసు ఇష్టమైతే చేపల పులుసే. నాయనమ్మ చుట్ట కాల్చేదైతే చుట్ట కూడా పెడతారు, ఆ సంగతి దాచరు. ఫోటో ముందు పెట్టిన చీరను తర్వాత ఇంటి ఆడపడుచో కోడలో కట్టుకుంటుంది. శాస్త్రం నువ్వులూ మినుములూ అడుగుతుంది, ఈ పండగ ఆమెకు ఏది ఇష్టమో అడుగుతుంది. ఆమె ఇష్టం తెలిసినవాళ్ళు బతికున్నంత కాలమే ఈ వడ్డన సరిగ్గా సాగుతుంది.

భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా పెద్దలకు తర్పణాలు వదిలే మహాలయ పక్షం. ఇందులో తల్లి వైపు పెద్దలకూ చోటుంది. అమ్మమ్మ, ఆమె అత్తగారు, ఆపై ఆవిడ పేర్లు కూడా చెప్పి తర్పణం వదులుతారు. అమావాస్య మర్నాడు, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు, కూతురి కొడుకు మాతామహులకు శ్రాద్ధం పెట్టే ఆచారమూ ఉంది. పక్షంలోని నవమిని అవిధవా నవమి అంటారు. భర్త ఉండగా పోయిన ఆడవాళ్ళకు ఆ రోజు ప్రత్యేకం. ముత్తయిదువను పిలిచి భోజనం పెట్టి, చీర, పసుపు, కుంకుమ ఇస్తారు. భర్త ముందు పోయి, ముప్పై ఏళ్ళు ఒంటి చేత్తో సంసారం ఈడ్చిన తల్లికి ఆ రోజు లేదు. పోయాక కూడా ఆడదాని లెక్క భర్తతోనే ముడిపెట్టడం ఈ ఆచారంలోని కటువైన భాగం, దాన్ని సమర్థించాల్సిన పని లేదు. తెలంగాణలో ఈ అమావాస్యను పెత్రమాస అంటారు. పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలతో స్వయంపాకం ఇచ్చిన రోజు సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. పొద్దుటి పూట పోయిన ఆడవాళ్ళది, సాయంత్రం ఉన్న ఆడవాళ్ళది. మధ్యలో తంగేడు పూలు కోయడానికి మాత్రమే టైముంటుంది.

తల్లి పడ్డ బాధను విడిగా, వివరంగా చెప్పే కర్మ ఒక్కటుంది. అది గయలో జరుగుతుంది. పితృదేవతలకు పిండాలు పెట్టిన తర్వాత తల్లికంటూ ప్రత్యేకంగా పదహారు పిండాలు పెడతారు. ఒక్కో పిండానికి ఒక్కో మంత్రం. మోసిన నెలల బరువు, తాగిన చేదు కషాయాలు, నొప్పులు, బాలింతగా చేసిన పథ్యం, రాత్రిళ్ళు బిడ్డ తడిపిన పక్క మీదే పడుకోవడం, తను ఆకలితో ఉండి పాలివ్వడం, ఇలా ఒక్కొక్క కష్టాన్నీ పేరుపెట్టి చెప్పి దాని బాకీ కింద ఒక్కొక్క పిండం. దేవుడి ప్రస్తావన కంటే పక్కబట్టల ప్రస్తావన ఎక్కువున్న మంత్రాలు ఇంకెక్కడా దొరకవేమో. తెలుగు పురోహితులు అర్థం చెబుతూ చేయిస్తే అరవై దాటిన మగవాళ్ళు కూడా అక్కడ కళ్ళు తుడుచుకుంటారు. తల్లికి మాత్రమే శ్రాద్ధం పెట్టే క్షేత్రంగా గుజరాత్‌లోని సిద్ధపూర్‌ను చెబుతారు. కపిలుడు తన తల్లి దేవహూతికి అక్కడి బిందు సరోవరం దగ్గర కర్మ చేశాడని నమ్మకం, అందుకే దానికి మాతృగయ అని పేరు. అంత దూరం పోలేనివాళ్ళకు పిఠాపురం పాదగయ ఉండనే ఉంది.

హిందువుల ఇళ్ళు దాటి చూస్తే, తెలుగు ముస్లిం కుటుంబాల్లో నలభయ్యో రోజు ఫాతెహా చదివిస్తారు, షబే బరాత్ రాత్రి సమాధులు శుభ్రం చేసి పూలూ అగరొత్తులూ పెడతారు. క్రైస్తవుల ఇళ్ళలో ఆదరణ కూడిక, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక జరుగుతాయి. నవంబర్ 2న సమాధుల పండుగనాడు సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈ కూడికల్లో ఒక మంచి అలవాటుంది. పోయిన తల్లి గురించి కోడళ్ళూ, మనవలూ, చర్చిలో ఆమె పక్కన కూర్చునే స్నేహితురాలూ లేచి నిలబడి రెండు మాటలు మాట్లాడతారు. సాక్ష్యం చెప్పడం అన్న అలవాటు నుంచి వచ్చిన ఈ పద్ధతిలో ఆడవాళ్ళ గొంతుకు చోటు దొరికింది.

పేరు నిలబెట్టే మరో దారి పసిపిల్లకు నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో పెట్టడం. ఇందులో ఒక చిక్కుండేది. అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదు, మరి ఆ పేరున్న కూతుర్ని పిలిచేదెలా? అందుకని ముద్దుపేరు ఒకటి పుట్టుకొచ్చేది. బడి రిజిస్టరులో సుబ్బలక్ష్మి, ఇంట్లో బేబీ. ఇప్పుడు ఆ పాత పేర్లే రెండక్షరాలకు కుదించుకుని పాస్‌పోర్టులెక్కుతున్నాయి. ఇంట్లో ముత్తయిదువగా పోయిన ఆడవాళ్ళను పేరంటాళ్ళుగా కొలిచే పాత ఆచారం పేరు నిలబెట్టడంలో ఇంకో మెట్టు పైకి పోయింది. కొందరు పేరంటాళ్ళు ఊరి దేవతలయ్యారు. మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో అలా దేవతైన తిరుపతమ్మకు ఏటా జరిగే తిరునాళ్ళకు లక్షలమంది వస్తారు. దేవతయ్యాక మహిమలు మిగులుతాయి, ఆమె ఏ పూట ఏం తిన్నదో, ఎవరి మీద అలిగిందో మిగలదు.

ఇంతకీ ఇంట్లో మిగిలేదేమిటి? మొదట ఫోటో. 1960లకు ముందు పుట్టిన పల్లెటూరి ఆడవాళ్ళలో చాలామందికి జీవితం మొత్తానికి రెండు మూడు ఫోటోలే ఉంటాయి. పెళ్ళి గ్రూప్ ఫోటోలో మూడో వరసలో సగం మొహం, ఓటరు కార్డు మీద బెదిరిన చూపు. పోయాక స్టూడియోవాళ్ళు వాటిలో ఒకదాన్ని పెద్దది చేసి, మెడలో లేని హారం దిద్ది, వెనక నీలం రంగు వేస్తారు. గోడ మీద దండ పడేది ఆ మొహానికే. మనవరాలికి ఆమె ఎవరో కొత్తావిడలా కనిపించినా ఆశ్చర్యం లేదు. తర్వాత కర్మకాండ కార్డు, పేపర్లో శ్రద్ధాంజలి ప్రకటన, బజారులో ఫ్లెక్సీ. వాటిలో కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు, మునిమనవల పేర్లు ఉద్యోగాలతో సహా పడతాయి. ఆమె పుట్టింటి ఇంటిపేరు, తల్లి పేరు ఉన్న కార్డు వెతికినా దొరకదు.

ఆడవాళ్ళ పేరు నిజంగా చెక్కి ఉన్నది వంటింటి గిన్నెల మీద. ఇత్తడి గుండిగ మీద, స్టీలు బిందె మీద, మరచెంబు మీద కొట్టించిన పేర్లు ఓపిగ్గా చదివితే ఒక కుటుంబ చరిత్రే బయటికొస్తుంది. ఎవరి పెళ్ళికి మేనమామ ఇచ్చాడు, ఏ ఏడాది గృహప్రవేశం జరిగింది, ఎవరి సీమంతానికి పుట్టింటివాళ్ళు తెచ్చారు, పేరూ తేదీతో సహా ఉంటుంది. పెళ్ళికి ముందు కొన్న గిన్నె మీద పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా, పెళ్ళయ్యాక కొన్నదాని మీద మెట్టినింటి పొడి అక్షరం. ప్రభుత్వ కాగితాల్లో చాలావరకు ఫలానావారి భార్యగానే కనిపించే మనిషికి ఇంతకంటే నిఖార్సయిన దస్తావేజు లేదు. ఆమె పోయిన ఏడాదికే పాత సామాను తూకానికి వేసే ఇళ్ళు ఎక్కువ. వేసేముందు ఆ అక్షరాలకైనా ఒక ఫోటో తీసి పెట్టుకోవాల్సింది. గిన్నెల తర్వాత చెప్పుకోవాల్సినవి పసుపు కుంకుమల కింద తండ్రి రాసిచ్చిన భూమి కాగితాలు. వాటిలో ఆమె ఫలానావారి కూతురు. అసలు పోయినా రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలు దొరకవచ్చు. కాశీ, గయల పండాల దగ్గరున్న పాత పుస్తకాల్లో కూడా యాత్రకు వెళ్ళిన పెద్దల పేర్లు కనిపిస్తాయి.

పుట్టిన తేదీ మరో చిక్కు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. ఆ తర్వాత కూడా ఇంటి కాన్పులు చాలా ఊళ్ళలో పుస్తకాలకెక్కలేదు. బడికి పోయినవాళ్ళకు పంతులు గారు వేసిన తేదీ ఉంటుంది, పోనివాళ్ళకు ఆధార్ కేంద్రంలో కుర్రాడు వేసిన తేదీ. ఆమె వయసు తేల్చాలంటే ఆమె లెక్కలోకే పోవాలి. తెలంగాణలో అయితే రజాకార్ల గొడవ, 1948 సెప్టెంబర్ పోలీసు చర్య నాటికి ఎంత పిల్ల అని అడగాలి. కృష్ణా తీరంలో 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన నాటికి ఎవరు చంకలో ఉన్నారు, గోదావరి లంకల్లో 1986 ఆగస్టు వరదకు కూతురి పెళ్ళయిందా, సాగర్ కాలువ కింద ఊళ్ళలో 1967లో నీళ్ళు వదిలేనాటికి కాపురానికి వచ్చిందా అన్నవి పనికొచ్చే ప్రశ్నలు. కొందరు తెలుగు సంవత్సరం పేరు చెబుతారు. ఆ పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కాబట్టి తేల్చడం తేలికే. వికృతిలో పుట్టానంటే అది 1950, మనిషిని చూస్తే 2010 కాదని తెలుస్తూనే ఉంటుంది.

పాటలది ఇంకో కథ. రోకటి పాటలు, మంగళహారతులు, ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటి స్త్రీల రామాయణపు పాటలు తరతరాలుగా ఆడవాళ్ళ నోట్లో ఉన్నవే. కొంచెం చదువు వచ్చినవాళ్ళు వాటిని నోటుబుక్కుల్లో రాసుకున్నారు. బియ్యం డబ్బా మీదో దేవుడి గూట్లోనో ఉండే ఆ పుస్తకంలో పాటల మధ్య చాకలి పద్దులు, ముహూర్తాలు, ఒక్కోసారి పిల్లవాడికి జ్వరం వచ్చిన తేదీ కూడా ఉంటాయి. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు ఊరూరా తిరిగి జానపద గేయాలు సేకరించి పుస్తకాలకెక్కించారు. పాటలు నిలిచాయి. పాడిన వేలమంది ఎవరో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలిసేది తక్కువ. వంటకైతే ఆ మాత్రం రాత కూడా లేదు. ఆవకాయలో ఉప్పెంత అంటే చారెడు అంటుంది. ఎవరి చేతి చారెడు? గిద్దె, సోల, తవ్వ, మానిక కొలతలు ఇప్పటి కోడళ్ళకు తెలియవు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఆమె చేతిలోని ఉప్పును ఒక్కసారి త్రాసులో పోసి తూచి రాసుకుంటే ఆ ఆవకాయ మరో యాభై ఏళ్ళు బతుకుతుంది.

తల్లి గురించి నిజం రాయడం తెలుగులో తేలికగా మొదలు కాలేదు. కన్యాశుల్కం నాటకంలో పూటకూళ్ళమ్మను చూసి జనం నవ్వారు. అదే కాలంలో ఒంగోలులో నిజంగా పూటకూళ్ళ ఇల్లు నడిపి కొడుకును చదివించిన వితంతువు ఒకావిడ ఉంది. పేరు సుబ్బమ్మ. ఆమె కొడుకు బారిస్టరై, 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రిగా పనిచేసిన టంగుటూరి ప్రకాశం. తన ఆత్మకథ 'నా జీవితయాత్ర'లో తల్లి చేసిన ఆ పనిని ఆయన దాచలేదు. నలుగురూ చిన్నచూపు చూసే వృత్తిని కొడుకు ఉన్నదున్నట్టు చెప్పడం వల్లే సుబ్బమ్మ ఈనాటికీ మనిషిగా తెలుసు. త్యాగమూర్తి, అన్నపూర్ణ వంటి బిరుదులు తగిలించి ఊరుకుంటే ఆమె ఎవరి తల్లయినా కావచ్చు.

అమ్మమ్మే స్వయంగా రాస్తే ఎలా ఉంటుందో కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి' చూపించింది. 1918లో పామర్రులో పుట్టిన ఆమెకు ఊహ తెలియకముందే పెళ్ళయింది, అంతలోనే వైధవ్యం వచ్చింది. తర్వాత ఉద్యమ నాయకుడు కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, పాటలు, అజ్ఞాతవాసం. భర్త విడిచిపెట్టాక, ముప్పై దాటిన వయసులో హైదరాబాద్ ఆంధ్ర మహిళా సభలో చిన్నపిల్లల పక్కన కూర్చుని చదువుకుంది. కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసింది. కొడుకు ఉద్యమంలోకి వెళ్ళి తిరిగి రాలేదు, కూతురు కూడా ముందే పోయింది. మనవరాళ్ళ ఆలనాపాలనా అమ్మమ్మ మీద పడింది. ఇంత కథలోనూ గట్టిగా నిలబడేది ఇంకో మనిషి: కోటేశ్వరమ్మ తల్లి అంజమ్మ. కూతురు అజ్ఞాతంలో ఉన్నప్పుడు పిల్లల్ని చూసుకుంది, కూతురు ఒంటరి అయినప్పుడు పక్కన నిలబడింది. చరిత్ర పుస్తకాల్లో అల్లుడు సీతారామయ్య పేరుంది. అంజమ్మ పేరు ఉన్నది మాత్రం తొంభై దాటిన కూతురు 2012లో తెచ్చిన ఈ పుస్తకంలో. కోటేశ్వరమ్మ 2018 సెప్టెంబరులో, నూరేళ్ళు నిండాక విశాఖపట్నంలో కన్నుమూసింది.

రాయలేనివాళ్ళ మాటో? ఈ ప్రశ్నకు దారి చూపింది స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళను కలిసి, వాళ్ళు చెప్పింది రికార్డు చేసి, 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో 1986లో పుస్తకంగా తెచ్చింది. అందులో పాలకుర్తి చాకలి ఐలమ్మ ఉంది. పండించిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోకుండా ఎలా నిలబడిందో ఆమె తన మాటల్లో, తన యాసలో చెప్పింది. ఆమె మాటను పుస్తకభాషలోకి దిద్దకపోవడం సంపాదకులు చేసిన గొప్ప పని. ఐలమ్మ 1985 సెప్టెంబరులో పోయింది, పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. రికార్డు చేసేవాళ్ళు ఇంకాస్త ఆలస్యం చేసి ఉంటే ఆ గొంతు ఉండేది కాదు. ఇప్పుడు హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరుంది. అదే పోరాటంలో ఉన్న మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' కూడా ఆమె చెబుతుంటే ఇద్దరు రచయిత్రులు కూర్చి రాసిందే.

ఇదంతా పోరాటాలు చేసిన ఆడవాళ్ళకే సాధ్యమనుకోనక్కర్లేదు. గుంటూరు జిల్లా గుడివాడ అనే ఊళ్ళో మస్తానమ్మ అనే ముసలావిడ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వంట చేస్తుంటే మునిమనవడు 2016లో వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. కత్తి కంటే గోళ్ళనే ఎక్కువ నమ్మి తొక్కలు తీయడం, కొలత లేకుండా చేత్తో కారం జల్లడం, పుచ్చకాయలో చికెన్ వండటం ప్రపంచమంతా చూసింది. ఆమెకు చదువు లేదు. వయసు నూట ఆరు, నూట ఏడు అని ఇంట్లోవాళ్ళు చెప్పిన లెక్కే. 2018 డిసెంబరులో ఆమె పోయింది. చేతుల కదలిక, గొంతు, నవ్వు, మధ్యలో పిల్లల్ని కసరడం ఇంకా ఉన్నాయి. ఒక నాయనమ్మ ఇంత నిండుగా మిగలడం తెలుగునాట అరుదు, దానికి కావలసి వచ్చింది ఒక కెమెరా, ఆమె దగ్గర కూర్చునే ఓపికున్న ఒక కుర్రాడూ.

మామూలు ఇళ్ళలో ఈ పని ఎక్కడ చెడుతుందంటే ప్రశ్న దగ్గర. నీ జీవితం గురించి చెప్పు నాయనమ్మా అంటే, నాదేముందిరా, కన్నాం, పెంచాం అని ఊరుకుంటుంది. దానికి బదులు చేతికి ఒక వస్తువివ్వాలి. పాత గిన్నె, పెళ్ళి ఫోటో, పెట్టె అడుగునున్న పట్టుచీర. ఆ చీర ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అని అడిగితే మాట దానంతటదే సాగుతుంది. కొడుకులూ కోడళ్ళూ చుట్టూ కూర్చుంటే ఆమె చెప్పేది ఒకటి, ఒంటరిగా మనవరాలితో చెప్పేది ఇంకొకటి. బియ్యం ఏరుతూనో చిక్కుడుకాయ ఈనెలు తీస్తూనో చెప్పే మాటలు కుర్చీలో కూర్చోబెట్టి చెప్పించేవాటి కంటే నిజంగా ఉంటాయి. ఆమె చెప్పకూడదనుకున్నది తవ్వకూడదు. చెప్పి, ఎవరికీ అనకు అన్నదాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం ద్రోహం. ఆమె అమ్మి అంటే అమ్మి అనే రాయాలి, పొయినం అంటే పోయాము అని దిద్దకూడదు. అవ్వ, జేజి, మామ్మ, బామ్మ, ఏ పిలుపుతో పిలిచారో ఆ పిలుపే రాతలోనూ ఉండాలి.

రికార్డు చేసింది ఒక్క ఫోన్లోనే ఉంచితే ఆ ఫోనుతోనే పోతుంది, కనీసం రెండు చోట్ల దాచాలి. పాత ఫోటోల వెనక మెత్తని పెన్సిల్‌తో ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేర్లు రాయాలి. ఆ మొహాలను గుర్తుపట్టగలిగేది ఇంట్లో సాధారణంగా ఆమె ఒక్కతే. అన్నిటికంటే ముందు రాసుకోవాల్సినవి నాలుగు మాటలు: ఆమె పుట్టిన ఊరు, పుట్టింటి ఇంటిపేరు, ఆమె తల్లి పేరు, ఆ తల్లి పుట్టిన ఊరు. ఇంట్లో డెబ్బై దాటిన అమ్మమ్మో నాయనమ్మో ఉన్న పాఠకులు ఈ నాలుగూ ఇవాళే అడిగి రాసి పెట్టుకోవాలి.